పదకొండు సెకన్ల గొంతు

నా గొంతు అందమైనదేమీ కాదు. చిన్నప్పుడు నేను పాట ఎత్తుకుంటే పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవారని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. అయినా ఆ గొంతుతోనే పద్నాలుగేళ్ళుగా అన్నం తింటున్నాను. పెద్ద పెద్ద భవనాలు కట్టే చోట క్రేన్‌కు సిగ్నల్ ఇవ్వడం నా పని. పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటరుకు గోడ అవతల ఏముందో, గుంతలో ఎవరున్నారో కనిపించదు. కింద నిలబడి చూసి, వాకీటాకీలో నేను చెప్పాలి. నేను "దించు, దించు, దించు" అంటూ ఉన్నంతసేపూ అతను దించుతాడు. "ఆపు" అంటే ఆపుతాడు. నేను ఉన్నట్టుండి మాట్లాడటం మానేసినా ఆపాల్సిందే, ఎందుకంటే బ్యాటరీ అయిపోయిందో, నేనే కళ్ళు తిరిగి పడ్డానో అతనికి తెలియదు కదా. ఇది మొదటిరోజే నేర్పే సంగతి.

నేర్పడం వేరు, ఆడదాని నోటి నుంచి వస్తే వినడం వేరు. మొదట్లో నేను ఆపమంటే ఒకడు "ఎందుకమ్మా?" అనేవాడు. ఇంకొకడు "ఇంకా రెండడుగులుంది కదా" అని నాకే లెక్క చెప్పేవాడు. టన్ను బరువు నెత్తి మీద వేలాడుతుంటే సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చోవాలా? ఆ "ఎందుకమ్మా" పోవడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఆపరేటరుగా బాబాయ్ వచ్చాడు. సైట్లో అందరికీ ఆయన బాబాయే. ఎనిమిదేళ్ళుగా పైన ఆయన, కింద నేను. నేను "ఆపు" అనడానికీ కొక్కేనికి వేలాడే లోడు ఆగడానికీ మధ్య సందు ఉండేది కాదు. నా జీవితంలో నేను సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదే.

ఇక మా తమ్ముడు. వారంలో ఆరురోజులు పార్శిళ్ళ గోదాములో పనిచేస్తాడు, ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలు ఆడతాడు. వాడు ఆడుతుంటే జనం చూస్తారు. దాన్ని స్ట్రీమింగ్ అంటారట. ఒకడు తింటుంటే పదిమంది చూసి త్రేన్చడం ఏమిటో నాకు అర్థం కాదు. మూడేళ్ళుగా వాణ్ణి చూసేది ముప్ఫైమంది. అందులో ఒకటి మా అమ్మ ఫోను, ఆన్ చేసి వంటింట్లో పెట్టి మర్చిపోతుంది.

ఆ ఆదివారం పిండిన బట్టల బకెట్టుతో వాడి గదిలోంచి బాల్కనీకి వెళుతున్నాను. తెర మీద నలుగురు బొమ్మమనుషులు ఇల్లు మారుతున్నారు. ఒకడు క్రేన్‌తో పియానోను ఇంటి కప్పులో ఉన్న రంధ్రంలోంచి లోపలికి దించుతున్నాడు. ఆ క్రేన్ నడిపేది మావాడు కాదు, ఎక్కడో ఉన్న ఇంకెవరో. దించే వేగం మరీ ఎక్కువ. బకెట్టు కింద పెట్టి వాడి వెనక నిలబడిపోయాను. ఉక్కగా ఉందని వాడు హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాడు, టేబుల్ మీది మైకు నన్ను చూస్తోంది. అది నాకు తట్టలేదు.

"దించు... దించు... నిదానం... ఆపు. ఆపు. ఆపు."

ఎక్కడ ఆగుతుంది. పియానో మూడంతస్తులు చీల్చుకుంటూ వెళ్ళి, స్నానాలతొట్టిలో కూర్చుని ఈల వేస్తున్న ఒక బొమ్మమనిషి మీద పడింది. ఈల ఆగింది. అప్పుడు నేను మామూలుగా, అలవాటుగా అన్నాను.

"సరే. ఇప్పుడు ఆపు."

నేను జోకు వేయలేదు. మా పనిలో లోడు పడిపోయాక కూడా ఆపు అనాలి. అనకపోతే పైనుంచి తీగ ఇంకా వదులవుతూనే వచ్చి కింద చుట్టలు చుట్టుకుని, ఇంకెవరి కాలికో తగులుకుంటుంది. క్రేన్ కింద బతికినవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. మిగతా లోకానికి మాత్రం అది నవ్వులాట. తమ్ముడు కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని నవ్వాడు. నేను బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయాను.

చూస్తున్న ముప్ఫైమందిలో ఎవరో ఆ పదకొండు సెకన్లు కత్తిరించి పెట్టారు. బొమ్మ తీసేసి గొంతు ఒక్కటే ఉంచింది ఇంకెవరో. గొంతు ఒక్కటే అయ్యాక దానికి కాళ్ళొచ్చాయి. మూడంతస్తుల కేకు ఒరిగిపోతుంటే నా గొంతు. కుక్క టేబుల్ మీది గుడ్డ లాగుతుంటే నా గొంతు. గోల్‌కీపరు కాళ్ళ మధ్యనుంచి బంతి వెళుతుంటే నా గొంతు. "ఆపు, ఆపు, ఆపు", ఆ తర్వాత ఢమాల్, ఆ తర్వాత తాపీగా "సరే, ఇప్పుడు ఆపు". ఒకడు దానికి డప్పు కూడా కలిపాడు. కుక్క వీడియో చూసి నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

వారం తిరిగేసరికి నవ్వు పోయింది. బస్సులో నేను దిగాల్సిన చోటు దాటిపోతుంటే "ఆపండి, ఆపండి" అన్నాను. డ్రైవరు తప్ప బస్సంతా నా వైపు తిరిగింది. వెనక సీట్లో ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు గిల్లుకున్నారు.

"ఆంటీ, అది మీరేనా? ఇంకోసారి అనండి, ప్లీజ్."

"నేను దిగాలమ్మా."

"దిగేముందు ఒక్కసారి."

అందులో ఒకమ్మాయి ఫోను అప్పటికే ఎత్తి పెట్టింది. రెండు స్టాపులు అవతల దిగి వెనక్కి నడిచాను. దారి పొడవునా నాలో నేనే తిట్టుకున్నాను, ఎవర్ని తిట్టాలో తెలియక.

ఇంటికెళ్ళి తమ్ముణ్ణి అడిగాను, అది తీయించరా అని. వాడు తల గోక్కున్నాడు.

"అక్కా, మూడేళ్ళకి మొదటిసారి నలభైవేల మంది వచ్చారు. ఒక్క నెల ఆగితే..."

"నా నోటితో నీ దుకాణం నడుస్తుందన్నమాట."

"అలా అంటావేంటక్కా. అందరికీ నువ్వంటే ఇష్టం. చూడు, కింద ఎన్ని హార్టులో."

"హార్టులు నాకెందుకురా? సైట్లో నా మాట నిలబడాలి. అది పోతే నాకేం మిగులుతుంది?"

అప్పుడు వాడి మొహం మారింది. చెడ్డవాడు కాదు, నాలుగడుగుల దూరం చూడలేడంతే. ఆ సాయంత్రమే తన దగ్గరున్న అసలు వీడియో తీసేశాడు. తీసేశాడని తెలియగానే, "తొలగించిన ఒరిజినల్ ఇదిగో" అంటూ ఎనిమిదిమంది మళ్ళీ పెట్టారు. ఆ వీడియోల యాప్ వాళ్ళకు నేనే అర్జీ రాశాను. ఈ శబ్దం మీదే అనడానికి రుజువు జతచేయండి అన్నారు. గొంతుకు రుజువు ఏం జతచేస్తాను, గొంతు తప్ప? రికార్డు చేసి పంపాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: మీ ఫిర్యాదు పరిశీలించాం, నిబంధనల ఉల్లంఘన ఏదీ లేదు, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? గోడకు చెప్పుకున్నా కాస్త నయం, అది నక్షత్రాలు అడగదు.

ఇవన్నీ ఓర్చుకునేదాన్ని. సైట్లోకి రాకుండా ఉంటే.

మా సైట్లో పద్దెనిమిది వాకీటాకీలు, అన్నీ ఒకే ఛానల్. ఒక ఉదయం కాంక్రీటు బకెట్టు పైకి వెళుతోంది. నేను "ఎత్తు, ఎత్తు" అంటున్నాను. మధ్యలో నా గొంతే, కాస్త రేకుడబ్బా మోతతో, "ఆపు, ఆపు, ఆపు" అంది. ఎవడో వాకీటాకీ దగ్గర ఫోను పెట్టాడు. బకెట్టు గాల్లో చటుక్కున ఆగి ఊగింది. మా నియమం అదే, ఎవరన్నా సరే, ఎందుకన్నా సరే, ఆపు అన్న మాట వినపడితే ఆపాలి. బాబాయ్ ఆపాడు. ఆ తర్వాత ఢమాల్ అన్న మోత, "సరే, ఇప్పుడు ఆపు" కూడా వచ్చాయి. సైటంతా నవ్వు.

మర్నాడు నాలుగుసార్లు. ఆ మర్నాడు ఆరు. ఎవరని అడిగితే అందరూ ఆకాశం వైపు చూశారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి ఎవరో కూడా తెలియదు. ఇంజనీరు దగ్గరికి వెళ్ళి ఫోనులు బయట పెట్టించమన్నాను.

"సగంమంది డ్రాయింగులు ఫోన్లోనే చూస్తున్నారు కదమ్మా, ఎలా కుదురుతుంది?" అన్నాడు. తర్వాత గడ్డం తుడుచుకున్నాడు. ఆ చేతి వెనక ఆయన కూడా నవ్వుతున్నాడని నాకు కనిపించింది.

అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నేను చేసిన తప్పు ఉంది, అది ఇంకొకరి మీద వేయను. మర్నాడు పొద్దున పని మొదలయ్యేముందు జరిగే మీటింగులో నేనే లేచి చెప్పాను. ఇవాళ్టి నుంచి "ఆపు" అన్న మాట చెల్లదు. అది వినపడితే ఫోనే అనుకోండి. ఆపాలంటే నేను "నిలుపు" అంటాను.

బాబాయ్ ఒక్కడే అడ్డం చెప్పాడు.

"నోటికి పట్టిన మాటమ్మా అది. మార్చకు. నేను ప్రతిసారీ ఆపుతాను, నాకేం కష్టం?"

"నీకు కష్టం లేదు బాబాయ్. ప్రతిసారీ నా పేరు చెప్పి నవ్వుతున్నారు. అది నాకు కష్టం."

"నవ్వితే నవ్వనీ."

"నవ్వించుకునేది నువ్వు కాదు కదా."

 ఇంజనీరు కాగితం మీద రాశాడు, అందరం సంతకాలు పెట్టాం. నాది మొదటి సంతకం.

మూడురోజులు బాగానే నడిచింది. ఫోను ఆపు అంటే బాబాయ్ వినిపించుకోలేదు, లోడు ఆగకపోయేసరికి ఆకతాయిలకు సరదా తగ్గింది. నేను "నిలుపు" అంటే ఆగింది. గెలిచాననుకున్నాను. ఇంట్లో తమ్ముడికి కూడా చెప్పాను, మీ పదకొండు సెకన్లకు మందు కనిపెట్టానురా అని.

నాలుగోరోజు మెట్లు దించుతున్నాం. కాంక్రీటు మెట్లు వేరేచోట పోతపోసి తెస్తారు, ఒక్కో ముక్క రెండు టన్నులు. దాన్ని మెట్లగదిలోకి పైనుంచి దించి, అంచుల మీద కూర్చోబెట్టాలి. బాబాయ్‌కి అది నాలుగు గోడల నల్లటి గుంత మాత్రమే. కింద లోడును పట్టి కూర్చోబెట్టే మనిషిని అందరూ కొక్కెం అంటారు. కట్టడం, విప్పడం అతని పని. వచ్చి ఆరునెలలైంది, నా దగ్గరే పని నేర్చుకున్నాడు, మాట తక్కువ.

"దించు, దించు, దించు" అంటున్నాను. మెట్లముక్క తలెత్తు దాటి కిందికొస్తోంది. అంతలో అంచుమీద పెట్టిన చెక్క జారి కిందపడింది. కొక్కెం ఆలోచించలేదు. వంగి, ఆ ముక్క కిందికి దూరి, చెక్క కోసం చెయ్యి చాచాడు.

"ఆపు" అన్నాను.

లోడు ఆగలేదు.

"ఆపు. ఆపు."

పద్నాలుగేళ్ళ నాలుక. దానికి కాగితం మీద సంతకాలు తెలియవు. మూడుసార్లు అన్నాను, అచ్చం ఆ క్లిప్పులో ఉన్నట్టే, ఆ గుక్కతోనే, ఆ గొంతుతోనే. పైన బాబాయ్ ఏం చేయాలో అదే చేశాడు. ఫోను అనుకున్నాడు. మూడురోజులుగా అలా అనుకొమ్మని చెప్పింది నేనే. రెండు టన్నులు నిదానంగా, బుద్ధిగా దిగుతూనే ఉన్నాయి. కొత్తమాట కోసం నోట్లో వెతుక్కున్నాను. దొరకలేదు. ఏ అక్షరంతో మొదలవుతుందో కూడా గుర్తురాలేదు. నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి గాలి కూడా రాలేదు.

అప్పుడు ఆగింది.

కొక్కెం హెల్మెట్టుకూ మెట్ల అడుగుకూ మధ్య జానెడు ఉంది. అతను చెక్క తీసుకుని వెనక్కి జరిగి, నిటారుగా నిలబడి నన్ను చూశాడు.

"ఏమైందక్కా, ఆపేశావు?"

 అంతలో వాకీటాకీలో ఒక గొంతు వచ్చింది. ఫోను కాదు, మనిషే, స్లాబు అవతలి చివరి నుంచి ఎవరో. వాడికి ఇక్కడ ఏం జరిగిందో తెలియదు. నా గొంతును అనుకరిస్తూ సాగదీసి అన్నాడు:

"సరే... ఇప్పుడు ఆపు."

నవ్వులు. పద్దెనిమిది వాకీటాకీల్లో నవ్వులు. వాకీటాకీని గోడకేసి కొడదామనుకున్నాను. కొడితే మెట్లగదిలో ఇంకా మనిషి ఉండగా బాబాయ్‌కి కళ్ళు లేకుండా పోతాయి. అందుకని కొట్టలేదు. ఎడంచేత్తో కొక్కెం చొక్కా పట్టుకుని మెట్లగది బయటికి లాగి, అక్కడే కూలబడ్డాను.

బాబాయ్ కిందికి దిగొచ్చాడు. పని మధ్యలో ఆయన దిగడం ఎనిమిదేళ్ళలో నేను చూడలేదు. నిచ్చెన దిగేసరికి ఆయాసం.

"వినపడింది" అన్నాడు. "ఫోననుకున్నా. ఆ తర్వాత నువ్వు దించు అనడం మానేశావు. అప్పుడు భయమేసింది. అందుకే ఆపా."

అంటే కొక్కేన్ని కాపాడింది నా మాట కాదు. నా మాట పడిపోవడం. ఎవరైనా పక్కన నిలబడి ఓదారుస్తారేమోనని నాకు ఆ క్షణంలో భయమేసింది. ఓదారిస్తే కొట్టేదాన్ని.

ఇంజనీరు రిజిస్టరులో "ప్రమాదం ఏమీ జరగలేదు" అని రాశాడు. మర్నాడు ఫోనులన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించాడు. అంతకుముందు కుదరనిది అప్పుడెలా కుదిరిందో నేను అడగలేదు, అడిగే ఓపిక లేదు. "నిలుపు" రద్దు, మళ్ళీ "ఆపు" అన్నాడు. నన్ను వారం సెలవు తీసుకోమన్నాడు.

సెలవు చివరిరోజున తమ్ముడు నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, అది అయిపోయింది. నిన్నటి నుంచి ఎవరూ వాడట్లేదు. ఇప్పుడు వేరేది నడుస్తోంది, ఎవడో తుమ్మిన చప్పుడు."

"తుమ్మా?"

"అవును. తుమ్ము."

వాడు దాన్నొక శుభవార్తలా తెచ్చాడు పాపం. లోకానికి ఇరవై మూడు రోజులు సరిపోయాయి. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. ఆ లెక్క వాడికి చెప్పి ఏం లాభమని, తలుపు దగ్గరికి వేయమన్నాను.

సోమవారం పనిలోకి వెళ్ళాను. మనుషులెవరూ కింద లేకుండా చూసి, ఖాళీ బకెట్టు తగిలించమని కొక్కేనికి చెప్పాను. వాకీటాకీలో బాబాయ్‌కి చెప్పాను, ఊరికే ఒకసారి చూద్దామని. ఫోనులు లేవు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే బకెట్టు గొలుసు చప్పుడు వినపడుతోంది.

"దించు, దించు, దించు. ఆపు."

ఆగింది. ఇంజనీరు బొటనవేలు ఎత్తి చూపి ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. కొక్కెం తల ఊపాడు. వాళ్ళ కళ్ళకు ఆగింది. కానీ నా మాటకూ ఆ ఆగడానికీ మధ్య సందు ఉంది. ఒక రెప్పపాటు. మళ్ళీ చేశాం. మళ్ళీ రెప్పపాటు. ఐదుసార్లు చేశాం, ఐదుసార్లూ ఉంది. బరువు లేని బకెట్టు గనక ఎవరికీ పట్టదు. రెండు టన్నులైతే ఆ రెప్పపాటులో జానెడు దిగుతుంది.

మధ్యాహ్నం బాబాయ్ దిగివచ్చి, పలకల దొంతర మీద నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చేతులు నలుపుకున్నాడు.

"నీకు తెలిసిపోయింది కదూ?"

"తెలిసింది."

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. నాకుంది. ఈ చేతికే లేదు. నీ గొంతు వినగానే, అసలుదా కాదా అని అదే ఒకసారి అడుగుతోంది. వద్దన్నా అడుగుతోంది."

"పోతుందా బాబాయ్?"

ఆయన అబద్ధం చెప్పగలిగేవాడు. చెప్పలేదు. "తెలియదు" అన్నాడు.

నేను కోప్పడదామని చూశాను. ఆయన మీద కోపం రాలేదు. తమ్ముడి మీద, బస్సులో పిల్లల మీద, నక్షత్రాలు అడిగినవాడి మీద, చేతి వెనక నవ్విన ఇంజనీరు మీద, అందరికంటే ఎక్కువ నా మీద వచ్చింది. అది పెట్టుకోవడానికి చోటు లేదు. లేచి వెళ్ళి నా మెడలోని వాకీటాకీ తీసి కొక్కెం మెడలో వేశాను. అతను తీయబోయాడు.

"నాకు రాదక్కా."

"వచ్చు. నేనే నేర్పాను."

"నువ్వేం చేస్తావు మరి?"

"నీ పని నేను చేస్తా. కట్టడం, విప్పడం. నోటితో పనిలేదు కదా."

భోజనాలయ్యాక ఇనుప చువ్వల కట్ట వచ్చింది. నేను బెల్టు చుట్టి, క్రేన్ కొక్కేనికి తగిలించి, పక్కకు జరిగాను. కట్ట పైకి లేచి, గోడ దాటి, అవతల దిగసాగింది. అతను "దించు, దించు" అంటున్నాడు, పీలగొంతు, మధ్యలో తడబడుతున్నాడు. తర్వాత "ఆపు" అన్నాడు, ఒక్కసారే, అదీ భయంభయంగా.

లోడు ఠక్కున ఆగింది. అసలు సందే లేదు. నాకు ఏడుపొచ్చింది. రెండో కట్ట కూడా లారీ మీద సిద్ధంగా ఉంది, బెల్టు తీసుకుని అటు వెళ్ళాను.